కోతి నేల మీద ఎంతసేపు ఉంటుంది?

[దృశ్యం: తిరుమల ఘాట్ రోడ్డు. పిట్టగోడ మీద వరుసగా కోతులు. ఒకటి కిందికి దూకి అరటి తొక్క అందుకుంటుంది.]

కోతి ఎక్కడ ఉంటుంది? తిరుమల మెట్ల దారిలో నడిచినవాళ్లని, శ్రీశైలం ఘాట్‌లో కారు ఆపినవాళ్లని అడిగి చూడండి. పిట్టగోడ మీద, రోడ్డు మీద, మన చేతిలో ఉన్న సంచి మీద అంటారు. చెట్టు మీద అనేవాళ్లు తక్కువ. కోతికొమ్మచ్చి ఆట పేరులో మాత్రం కొమ్మ ఇంకా మిగిలే ఉంది.

మరి మనం వేసే తిండి లేని అడవిలో కోతి రోజులో ఎంతసేపు నేల మీద గడుపుతుంది? అది ఏ కోతి, ఏ అడవి అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఆ మార్పులోనే అసలు కథ ఉంది.

ముందు ఒక మాట. మనం మామూలుగా కోతి అని పిలిచేది మకాక్ అనే సమూహానికి చెందిన జంతువు. నల్లమూతి కొండముచ్చు వేరు. మకాక్‌లలో ఇరవైకి పైగా జాతులున్నాయి. మొరాకోలోని అట్లాస్ పర్వతాల నుంచి జపాన్ మంచు కొండల దాకా ఉంటాయి.

[దృశ్యం: అడవి. మెడలో బైనాక్యులర్స్, చేతిలో నోట్‌బుక్‌తో ఒక అమ్మాయి తలెత్తి చూస్తోంది.]

ఈ లెక్క ఎలా వేస్తారు? గుంపు నిద్రలేవకముందే పరిశోధకులు ఆ చెట్టు కిందికి చేరుకుంటారు. పది నిమిషాలకో పదిహేను నిమిషాలకో ఒకసారి గుంపు మొత్తాన్ని కలియజూస్తారు. కనిపించిన ప్రతి కోతి ఏం చేస్తోంది, ఎంత ఎత్తులో ఉంది అన్నది రాసుకుంటారు. ఒకసారి చూసినప్పుడు ఇరవై కోతులు కనిపించి, అందులో ఐదు నేల మీద ఉన్నాయనుకోండి. ఆ చూపుకి లెక్క 25 శాతం. ఇలా పొద్దుగుంకేదాకా, నెలల తరబడి రాస్తే గానీ నమ్మదగ్గ సంఖ్య రాదు.

అందులోనూ చిక్కులున్నాయి. కొత్త మనిషి కనిపిస్తే కోతి చటుక్కున పైకెక్కుతుంది. గుంపు మనిషికి అలవాటు పడకముందు రాసిన లెక్కలో నేల తక్కువగా కనిపిస్తుంది. దట్టమైన పొదల్లో కింద కూర్చున్న కోతి మన కంటికే పడదు. రోడ్డు పక్కనైతే కింద ఉన్నవే ముందు కనిపిస్తాయి. అందుకే ఎవరైనా ఒక శాతం చెబితే, అది ఎక్కడ, ఎలా లెక్కపెట్టారో కూడా అడగాలి.

[దృశ్యం: పక్కపక్కనే నాలుగు కోతుల బొమ్మలు. తోకలు మాత్రం రంగులో.]

కోతి తోక చూస్తే కొంత తెలుస్తుంది. ఆగ్నేయాసియాలో నదుల ఒడ్డున, మడ అడవుల్లో ఉండే పొడవు తోక మకాక్‌కి శరీరం కన్నా తోకే పొడవు. సన్నటి కొమ్మల మీద బ్యాలెన్స్‌కి అది పనికొస్తుంది. అది ఎక్కువగా చెట్ల మీదే తిరుగుతుంది. అదే ప్రాంతంలో పంది తోక మకాక్ ఉంటుంది. దాని తోక పొట్టి. దూరం పోవాలంటే కిందికి దిగి నడిచిపోతుంది. మొరాకో కోతికైతే తోకే లేదు. గడ్డి, మొక్కలు ఏరుకుంటూ నేల మీద చాలాసేపు గడుపుతుంది. పొట్టి తోకకి చలి కూడా ఒక కారణమే కాబట్టి దీన్ని గట్టి సూత్రంగా పట్టుకోకూడదు. మన దక్షిణాది బోనెట్ కోతి తోక శరీరం కన్నా పొడవు. అయినా అది చెట్టుకీ నేలకీ మధ్య హాయిగా తిరుగుతుంది.

నేల మీద ఎంత తిరిగినా కోతి చెట్టుని వదలదు. దాని బుగ్గల లోపల సంచులుంటాయి. కింద దొరికింది గబగబా నోట్లో కుక్కుకుని, పైకెక్కి తీరిగ్గా నములుతుంది. నేల మీద చిరుత భయం, కుక్క భయం. చీకటి పడే వేళకి గుంపంతా చెట్టో కొండ చరియో ఎక్కేస్తుంది. పిర్రల మీద ఉండే గట్టి చర్మపు దిండ్లు రాత్రంతా కొమ్మ మీద కూర్చుని నిద్రపోవడానికే.

[దృశ్యం: పడమటి కనుమలు. పొగమంచులో నల్లటి కోతి, ముఖం చుట్టూ బూడిద రంగు జూలు.]

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా కదిలించిన కోతి దగ్గరికి వద్దాం. ఇది సింహపు తోక కోతి. పేరు జూలు వల్ల వచ్చిందనుకుంటాం గానీ, తోక చివర సింహానికున్నట్టు కుచ్చు ఉంటుంది. ప్రపంచం మొత్తంలో కర్ణాటక, కేరళ, తమిళనాడు పడమటి కనుమల్లోనే ఉంది. అడవుల్లో మిగిలినవి సుమారు 4,000 లోపే అని అంచనా. కేరళలోని సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్ ప్రాజెక్టు వద్దని జరిగిన పోరాటంలో అందరి నోటా వినపడింది ఈ కోతి పేరే. 1984లో ఆ లోయని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు.

చెదరని వానఅడవిలో ఈ కోతి నేల మీద గడిపేది రోజులో 1 శాతం చుట్టుపక్కలే. కొమ్మకి కొమ్మ తగులుతూ ఉంటే దిగాల్సిన పనేముంది? పనస బంధువా అనిపించేలా ముళ్ల కాయలు కాసే కల్లేనియా చెట్టు మీదే దాని తిండి, ఆట, కునుకు.

[దృశ్యం: వాల్పారై. కొండల మీద తేయాకు తోటలు, మధ్యలో చిన్న అడవి ముక్క, దాన్ని చీల్చుకుంటూ రోడ్డు.]

తమిళనాడు ఆనమలై కొండల్లోని వాల్పారైలో కథ వేరు. బ్రిటిష్ కాలంలో టీ, కాఫీ తోటల కోసం అడవి నరికారు. మధ్యమధ్య ముక్కలు మిగిలాయి. పుదుతోట్టం అనే ముక్క సుమారు 90 హెక్టార్లు. అందులో వందకు పైగా సింహపు తోక కోతులున్నాయి. కొమ్మల దారి తెగిపోయింది కాబట్టి ఇవి దిగుతాయి. కాఫీ పండ్ల కోసం, జామకాయల కోసం, ఇళ్ల దగ్గర చెత్త కోసం దిగుతాయి. 1 శాతం దగ్గర ఉండాల్సిన నేల లెక్క ఇక్కడ ఎన్నో రెట్లు పెరిగింది. తరతరాలుగా చెట్టు పెద్దగా దిగని జంతువుకి లారీ అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? రోడ్డు మీద చనిపోయిన కోతిని అక్కడివాళ్లు చాలాసార్లు చూశారు.

రోడ్డు పక్కన మనం పడేసే బిస్కెట్ ముక్క కూడా దాన్ని కిందికి దించేదే. మన ఘాట్లలోనూ అంతే. దయచేసి వేయకండి.

[దృశ్యం: రోడ్డుకి పైన, రెండు చెట్ల మధ్య వేలాడుతున్న వంతెన.]

వాల్పారైలో ప్రకృతి పరిరక్షణ సంస్థ వాళ్లు, అటవీ శాఖ కలిసి మంటలార్పడానికి వాడే పాత ఫైర్ హోస్ పైపులతో రోడ్డుకి అడ్డంగా, చెట్టు నుంచి చెట్టుకి వంతెనలు కట్టారు. రద్దీ చోట్ల స్థానికులు కాపలా నిలబడి బండ్లు ఆపుతారు. కింద బస్సు పోతుంటే, పొట్టకి పిల్లని హత్తుకున్న తల్లి ఆ పైపు మీద నాలుగు కాళ్లతో నెమ్మదిగా దాటుతుంది. అవతలి కొమ్మ అందగానే వెనక్కి తిరిగి చూస్తుంది, గుంపులో మిగతావి వస్తున్నాయా లేదా అని. ఆ పూట నోట్‌బుక్‌లో 'నేల' అన్న గడి ఖాళీగా ఉంటుంది.