వేలిముద్ర పడనివాళ్ళ పుస్తకం

అందరికీ నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడమని పిలిచినప్పుడు, "నేనేం మాట్లాడతానండీ, పుస్తకాలు చదివింది తక్కువ, రిజిస్టర్లు చదివింది ఎక్కువ" అన్నాను. "అయితే ఆ రిజిస్టర్ల గురించే చెప్పండి" అన్నారు లైబ్రేరియన్ గారు. విషయం కూడా ఆయనే ఇచ్చారు: సంక్షేమ పథకాలు ఎత్తెయ్యాలా, ఉంచాలా, మార్చాలా? పౌర సరఫరాల పనిలో ముప్పై ఏళ్ళకి పైగా తిరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన బియ్యం గురించే ఎక్కువ చెబుతాను. మిగతావి దారిలో తగిలినంత మేరకు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎత్తెయ్యకూడదు. ఉన్నవి ఉన్నట్టు ఉంచకూడదు కూడా. మరి మార్చాలి కదా అంటారు. అక్కడే నాకు కాస్త భయం. ఫలానా పథకం ఎత్తేస్తున్నాం అని ఏ ప్రభుత్వమైనా గట్టిగా చెప్పడం నా సర్వీసులో చూడలేదు. ఎత్తెయ్యడం మాత్రం చూశాను. అది ఎప్పుడూ సంస్కరణ అనే పేరుతోనే వచ్చింది. ఒక నెల ఒకరి కార్డు, ఇంకో నెల ఇంకొకరిది.

పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. 1983 జనవరిలో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యారు, కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆయన ఆ వాగ్దానంతో ఊళ్ళు తిరుగుతుంటే, ఎన్నికలకి ముందే అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకే బియ్యం మొదలుపెట్టింది. పది పైసలు తక్కువ! అప్పటి నుంచి మన రాజకీయాల్లో బియ్యం ధర ఒక థర్మామీటర్ లాంటిది. 1996లో మూడున్నర అయింది, 2008లో మళ్ళీ రెండు, 2011లో రూపాయి. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చి మనిషికి నెలకి ఐదు కిలోలు హక్కు అయింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద ఇచ్చేది పూర్తిగా ఉచితం. దేశంలో దాదాపు 81 కోట్ల మంది ఈ లెక్కలో ఉన్నారు.

"ఉచితంగా ఇచ్చి జనాన్ని సోమరుల్ని చేశారండీ" అనే మాట మీలో చాలామంది అని ఉంటారు. నేనూ అన్నాను, మా భోజనాల బల్ల దగ్గర. ఈ మాట వయసు ఎంతో తెలుసా? రాయలసీమ పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పేవారు, 1876 - 78 నాటిది. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో జనానికి సాయం మరీ ఎక్కువగా అందుతోందేమోనని వైస్రాయ్ లిట్టన్‌కి అనుమానం వచ్చింది. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపించాడు. ఆయన కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, కాస్త చిల్లర చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు, ఈ తిండితో మనిషి పని చెయ్యడం కాదు, బతకడమే కష్టం అని పోట్లాడాడు. లక్షల మంది పోయారు. కడప, కర్నూలు, బళ్ళారి వైపు ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పని ఎగ్గొట్టడానికి జనం వస్తున్నారేమో అని ఒక పెద్దమనిషికి వచ్చిన అనుమానం ఖరీదు అది. ఈ రోజు పరిస్థితి అలా ఉందని నేను అనడం లేదు. ఆ అనుమానం మాత్రం అదే, బట్టలు మార్చుకుంది.

రెండో ఆరోపణకి వస్తాను, ఇందులో నిజం ఉంది. రేషను బియ్యం అమ్ముకుంటున్నారు. ఇంటి ముందుకే వచ్చి కిలో పదికో పన్నెండుకో కొనుక్కుపోయేవాళ్ళు ఉన్నారు. అది మిల్లుకి వెళ్తుంది, పాలిష్ పడుతుంది, కొత్త సంచిలోకి ఎక్కుతుంది. 2024లో కాకినాడ పోర్టులో ఓడ దగ్గర జరిగిన గొడవ టీవీల్లో మీరందరూ చూశారు. మా వాళ్ళు కేసులు పెట్టారు, ఆటోలు పట్టుకున్నారు, నేనూ పట్టుకున్నాను. పట్టుకున్న ఆటోలో ఎప్పుడూ ఒక డ్రైవరు, పది పన్నెండు సంచులు ఉండేవి. మిల్లు యజమాని ఒక్కసారి కూడా ఆ ఆటోలో లేడు.

అయితే అమ్ముకునేవాళ్ళని ఎందుకమ్మా అని అడిగితే ఒకటే జవాబు: "తినలేకపోతున్నాం సారూ." మా వైపు లావు బియ్యం అంటాం, తెలంగాణలో దొడ్డు బియ్యం అంటారు. వండితే ఉదయం అన్నం రాత్రికి గట్టిపడిపోతుంది. మన బాపట్లలో పుట్టిన 5204 రకం సన్నాలు తిని పెరిగిన అధికారులం మేము. కూలివాళ్ళు లావు బియ్యం ఎందుకు తినరో కనుక్కోవడానికి కమిటీలు వేశాం. పేదవాడికి కడుపు ఉంటుందని గుర్తుపెట్టుకున్నాం గానీ నాలుక సంగతి మర్చిపోయాం. 2025 ఉగాది రోజు తెలంగాణ ప్రభుత్వం హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డులకి సన్న బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది, మనిషికి ఆరు కిలోలు. అంతకుముందే రైతుకి సన్న వడ్ల మీద క్వింటాలుకి 500 రూపాయల బోనస్ పెట్టింది. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఎక్కడ ఎన్ని కిలోలు ఇంకా పక్కదారి పడుతున్నాయో కొన్నేళ్ళు చూస్తే గానీ తెలియదు. కానీ దీన్ని సంస్కరణ అంటే నేను ఒప్పుకుంటాను. అక్కడ మార్చింది బియ్యాన్ని, తినేవాళ్ళని కాదు.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో మార్పు చెబుతాను. బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు వచ్చాయి, ఫోర్టిఫైడ్ బియ్యం. రక్తహీనత తగ్గాలని. వందకి ఒక గింజ అలాంటిది కలిపారు. చూడ్డానికి కాస్త వేరుగా ఉంటుంది, కొన్నిసార్లు నీళ్ళలో తేలుతుంది. ఈ సంగతి ఇంట్లో వండే ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఏమైంది? "ప్లాస్టిక్ బియ్యం కలిపారు" అని ఊరంతా టెన్షన్. చేటలో పోసుకుని, కళ్ళజోడు పెట్టుకుని మరీ, ప్రభుత్వం డబ్బు పెట్టి కలిపిన ఆ గింజల్ని ఒక్కొక్కటే ఏరి పారేశారు అమ్మమ్మలు. ఒక కరపత్రం ఖర్చుకి వెనకాడాం.

ఇక యంత్రం దగ్గరికి వస్తాను. మా రాష్ట్రంలో 2015 నుంచి రేషను డిపోల్లో ఈపాస్ యంత్రాలు వచ్చాయి. వేలు పెట్టాలి, ముద్ర పడాలి, అప్పుడే బియ్యం. మంచి జరగలేదని అనను. చనిపోయినవాళ్ళ పేరు మీద, ఊళ్ళో లేనివాళ్ళ పేరు మీద డీలర్లు రాసుకునే దొంగ సంతకాలు ఆగాయి. వలస వెళ్ళినవాళ్ళు వేరే ఊళ్ళో కూడా తీసుకోగలుగుతున్నారు. అది చిన్న మేలు కాదు.

కానీ మా ప్రాంతంలో పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళే ఆడవాళ్ళ చేతులు మీరు చూశారా? జిగురు, మసి, అరిగిపోయిన వేళ్ళు. ఒక అవ్వ మూడు రోజులు వరసగా వచ్చింది. చెయ్యి కడుక్కోమంటే కడుక్కుంది, కొంగుతో తుడుచుకోమంటే తుడుచుకుంది. పది వేళ్ళూ అయ్యాయి. మూడో రోజు మనవణ్ణి వెంటబెట్టుకొచ్చింది. "వీడి వేలు పెట్టొచ్చా సారూ? మెత్తగా ఉంటది" అంది. డిపో దగ్గర అందరూ నవ్వారు, నేను కూడా. ఆ పిల్లవాడి పేరు కార్డులో ఎక్కలేదు. ఎక్కించమని పెట్టిన అర్జీ రెండేళ్ళుగా ఒక ఆఫీసులో ఉంది.

ఆ నెల మా నివేదికలో ఆ అవ్వ ఎక్కడ కనిపించిందో తెలుసా? "సరుకు తీసుకోనివారు" అన్న గడిలో. బియ్యం వద్దనుకుని రానివాళ్ళు, వచ్చి మూడు రోజులు నిలబడినవాళ్ళు, ఇద్దరూ కంప్యూటర్‌కి ఒకటే. ఆ గడిలో అంకె పెరిగితే పైన సంతోషిస్తారు, ఇంత మిగిలింది అని. కొన్ని నెలలు వరసగా తీసుకోకపోతే ఆ కార్డు మీదే అనుమానం మొదలవుతుంది. సంస్కరణ పేరుతో ఎత్తెయ్యడం అని మొదట అన్నది దీన్నే.

ఇది మా మండలం గొడవ ఒక్కటే అయితే మీ ముందు చెప్పేవాణ్ణి కాదు. తెలంగాణలో కొన్నేళ్ళలోనే దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఎక్కువ భాగం కంప్యూటర్‌లో జల్లెడ పట్టి తీసేశారు. ఇంటికి వెళ్ళి చూసింది లేదు. కారు ఉందనో, ఆస్తి ఉందనో వేరే ఎవరి వివరాలో వీళ్ళకి అంటుకున్న సందర్భాలు బయటపడ్డాయి. మన పేర్లు మీకు తెలుసు కదా, ఒక్క వీధిలో నలుగురు వెంకటేశ్వర్లు ఉంటారు. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించండి అని చెప్పాల్సి వచ్చింది.

అదే తెలంగాణలో 2018 మేలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకి నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు. ఎంత భూమికైనా సరే. పట్టా పుస్తకం ఉంటే చాలు, హైదరాబాద్‌లో కూర్చున్న పెద్దాయనకి కూడా బ్యాంకులో పడేది. ఆ భూమి కౌలుకి చేసే మనిషికి రూపాయి రాలేదు. అక్కడ ఎవరి వేలూ అరగలేదు, ఎవరినీ మూడుసార్లు తిప్పలేదు. పథకాల్లో కోత పెట్టాలంటే నేను అక్కడ పెడతాను, ఇరవై ఎకరాల దగ్గర. ఐదు కిలోల దగ్గర కాదు.

డబ్బు మాటేమిటి అని అడుగుతారు, అడగాలి కూడా. కేంద్రం ఆహార సబ్సిడీ ఏటా సుమారు రెండు లక్షల కోట్లు. చాలా పెద్ద అంకె. అందులో అంతా తినేవాడి కంచంలోకి పోదు. రైతుకిచ్చే మద్దతు ధర, గోనె సంచులు, గోడౌన్ అద్దె, లారీ, అప్పు మీద వడ్డీ అన్నీ అందులోనే. రేషన్ ఎత్తేస్తే గోదావరి జిల్లాల్లో, నల్గొండలో వడ్లు ఎవరు కొంటారో కూడా చెప్పాలి. 2019లో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఏడాదికి లక్షా నలభై ఐదు వేల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. దాని వల్ల ఎవరైనా సోమరులయ్యారా అని ఏ కమిటీ వెయ్యలేదు. పోనీ, అది వేరే ఉపన్యాసం.

పథకాన్ని ఎత్తెయ్యడానికి ఇంకో సులువైన దారి ఉంది, ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం. వృద్ధాప్య పింఛనులో 60 నుంచి 79 ఏళ్ళవాళ్ళకి కేంద్రం వాటా ఎన్నో ఏళ్ళుగా నెలకి 200 రూపాయలే. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఇస్తున్న నాలుగు వేలల్లో మిగతాదంతా రాష్ట్రం పెట్టుకుంటోంది. చేతగాని రాష్ట్రంలో పుట్టిన ముసలివాళ్ళ సంగతి ఆలోచించండి. ఆ 200కి ఇప్పుడు ఏం వస్తుందో మీ పక్కనున్న కిరాణా కొట్లో అడగండి.

బాగుచెయ్యడం కుదరదా అంటే కుదురుతుంది. ఛత్తీస్‌గఢ్‌ని చూడండి. 2004లో డిపోలని ప్రైవేటు డీలర్ల నుంచి తీసి పంచాయతీలకి, మహిళా సంఘాలకి ఇచ్చారు. కమీషన్ పెంచారు, సరుకు డిపో గుమ్మం దాకా ప్రభుత్వ లారీలోనే తెచ్చారు, కార్డులు ఎక్కువమందికి ఇచ్చారు. సగం దాకా పక్కదారి పట్టే బియ్యం ఐదారేళ్ళలో పదో వంతుకి దిగిందని ఆ తర్వాతి అంచనాలు. వేలిముద్రలు లేకుండానే. మనమూ చేశాం: 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలయ్యాక, ఊరందరి ముందు మస్టర్లు, అంటే పని హాజరు పట్టీలు, పైకి చదివే సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా ప్రభుత్వ పద్ధతిగా ముందు పెట్టింది మన రాష్ట్రమే. చదువుతుంటే "నేను ఆ రోజు పనికి వెళ్ళనే లేదు, నా పేరెట్లా ఉంది?" అని లేచేవాళ్ళు. ఏ సాఫ్ట్‌వేరూ అంత బాగా దొంగని పట్టుకోలేదు.

ఆఖరుగా నా రిజిస్టరు సంగతి చెప్పి ముగిస్తాను. 2017 సెప్టెంబర్‌లో జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో పదకొండేళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆధార్ కలపలేదని ఆ ఇంటి కార్డు తీసేశారు. ఆకలితో పోయిందని తల్లి చెప్పింది, జబ్బుతో అని అధికారులు చెప్పారు. దేశమంతా గొడవ అయ్యాక అక్టోబర్‌లో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది: వేలిముద్ర పడలేదని ఎవరినీ వట్టి చేతులతో పంపకూడదు, అలాంటివాళ్ళకి సరుకు ఇచ్చి, విడిగా ఒక పుస్తకంలో రాయాలి.

మా మండలంలో ప్రతి డిపోకీ ఆ పుస్తకం పంపాం. తనిఖీకి వెళ్ళినప్పుడల్లా అడిగేవాణ్ణి, డీలరు తీసి చూపించేవాడు. లోపల ఒక్క పేరూ ఉండేది కాదు. కింద తేదీ వేసి, "సరిగా ఉంది" అని రాసి, సంతకం పెట్టేవాణ్ణి. ఆ అవ్వ వచ్చిన డిపోలో కూడా అదే పుస్తకం, అదే నెలలో నా సంతకం.

రేపు బియ్యానికి వెళ్ళినప్పుడు మీ డీలరుని ఆ పుస్తకం అడిగి చూడండి. ఉందంటే తెరవమనండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనక వరసలో ఉన్న ఆవిడకి ఇవ్వండి ముందు, ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉన్నారు.