పొట్ట మీద బ్యాగ్: ఆపరేషన్‌కి ముందే అడగాల్సిన మాట

"పేగుకి ఆపరేషన్ చేసి, మోషన్ పడడానికి పొట్ట మీద బ్యాగ్ పెట్టాలి" అని డాక్టర్ అనగానే మనవాళ్లు ముందు అడిగేది, "ఎన్నాళ్లుంటుంది సార్?" అని. అడగాల్సిందే, కొందరికి నెలల్లో తీసేస్తారు, కొందరికి జీవితాంతం ఉంటుంది. కానీ "ఎక్కడ పెడతారు?" అని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే అదే ముందు అడగాలి.

[తెర మీద: పొట్ట బొమ్మ, పెన్నుతో గుర్తు]

ఎమర్జెన్సీ కాకపోతే, ఆపరేషన్‌కి ముందే పేషెంట్‌ని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని, మడతలు ఎక్కడ పడుతున్నాయో చూసి గుర్తు వేయాలి. వేయకపోతే మీరే అడగండి. అమ్మ లంగా బొందు బిగించే చోటో, నాన్న లుంగీ ముడేసే చోటో పేగు బయటికి తెచ్చే చోటు, అదే స్టోమా, వచ్చిందనుకోండి, ఇక బ్యాగ్‌ని చర్మానికి అంటించే ప్లేటు ఊడడం, లీకవడం, బట్టలు మార్చడం, ఇదే పని. హాస్పిటల్ గౌనులో ఇవేవీ కనపడవు, చేత్తో చూపించి మరీ చెప్పాలి.

స్టోమా అంటే పొట్ట బయటికి తెచ్చి కుట్టిన పేగు కొస. నోటి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు, కడిగేటప్పుడు కాస్త రక్తం అంటినా కంగారు అక్కర్లేదు. నల్లబడితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, హాస్పిటల్‌కి వెళ్లిపోవాలి.

[తెర మీద: కొలత కార్డు, కత్తెర, ప్లేటు]

మొదటి నెలన్నర, రెండు నెలల్లో వాపు తీసి స్టోమా చిన్నదవుతుంది. డిశ్చార్జ్ రోజు కొలతకే ప్లేటు కత్తిరిస్తూ పోతే చుట్టూ చర్మానికి మోషన్ తగిలి పుండు పడుతుంది, అప్పుడేమో "ఈ బ్యాగ్ మాకు పడలేదు" అంటారు. వారం వారం కొలవండి. ప్లేటులో కన్నం స్టోమా కంటే 2, 3 మిల్లీమీటర్లు పెద్దగా ఉంటే చాలు. మామూలు నీళ్లతో కడిగి పొడిగా తుడవండి, అంతే. డెట్టాల్ వద్దు, కొబ్బరినూనె అసలే వద్దు, ప్లేటు అంటుకోదు.

చిన్నపేగు నుంచి తీసిన ఇలియాస్టమీ అయితే నీళ్లతో పాటు ఉప్పు కూడా బయటికి పోతుంది. మన హైదరాబాద్ మే నెల ఎండల్లో ఉత్త మంచినీళ్లు సరిపోవు, ఓఆర్ఎస్ ఎంత తాగాలో డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి. బ్యాగ్ మామూలు కంటే ఎక్కువ నిండుతూ, మూత్రం తగ్గి, కళ్లు తిరుగుతుంటే వెంటనే ఫోన్ చేయాలి.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. పెళ్లికి రానంటే బలవంతం చేయకండి, అలాగని వదిలేసి కూడా వెళ్లకండి. ఫంక్షన్ హాల్లో బాత్రూమ్ ఎటుందో ముందు మీరే చూసొచ్చి చెప్పండి, బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చేసుకుంటే ఉబ్బి కనపడదు. "వాసనొస్తోందా?" అని అడిగితే మొహమాటపడకుండా నిజం చెప్పండి. ఎంజీబీఎస్‌లో ఊరి బస్సెక్కేటప్పుడు, కత్తిరించి ఉంచిన ప్లేటు, ఇంకో బ్యాగ్, ఓ జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు.