గేటు మోటారుకు సోలారా, ఇంటి కరెంటా: విశాఖ ఇళ్లకు ఒక లెక్క

[దృశ్యం: భీమిలి రోడ్డులో ఒక మామిడి తోట. సగం తెరుచుకుని ఆగిపోయిన స్లైడింగ్ గేటు. స్తంభం మీద రెండు చిన్న సోలార్ ప్యానెళ్లు. సన్నగా వాన పడుతోంది.]

వ్యాఖ్యానం: నమస్కారం. ఈ గేటుకు మోటారు బిగించింది మే నెలలో. ఆ నెలంతా రిమోట్ నొక్కిన ప్రతిసారీ చక్కగా తెరుచుకుంది. జూలై రెండో వారంలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం, ఇదిగో ఇలా సగం దారిలో ఆగిపోయింది. మోటారు కాలిపోయిందేమోనని తోటవారు కంగారుపడి నన్ను పిలిచారు. మోటారుకు ఏమీ కాలేదు, బ్యాటరీ ఖాళీ అయింది. బిగించినవారు గేటు కదిలే సమయానికి లెక్క వేశారు గాని, కదలకుండా ఉండే సమయానికి లెక్క వేయలేదు.

[దృశ్యం: కంట్రోల్ బోర్డు పెట్టె తెరిచి ఉంది. బ్యాటరీ తీగకు వరుసలో కలిపిన మల్టీమీటర్ మీద 0.10 అన్న అంకె దగ్గరగా కనిపిస్తుంది.]

వ్యాఖ్యానం: గేటు మూసి ఉన్నప్పుడు కూడా రిమోట్ సంకేతం కోసం రిసీవర్, అడ్డం వచ్చినవారిని గుర్తించేందుకు ఫోటో సెన్సార్లు మేలుకునే ఉంటాయి. మీటరు చూపుతున్న 0.10 ఆంపియర్‌ను 24 వోల్టులతో గుణిస్తే 2.4 వాట్లు వస్తుంది. చూడటానికి ఇది చాలా చిన్న అంకె, కాని వాట్లను గంటలతో గుణించి చూస్తే 24 గంటలకు దాదాపు 58 వాట్-అవర్లు అవుతుంది. ఇక మోటారు సంగతి చూద్దాం. సుమారు 100 వాట్లు తీసుకునే 24 వోల్టుల మోటారు తెరవడానికి 20 సెకన్లు, మూయడానికి 20 సెకన్లు నడిస్తే ఖర్చయ్యేది కేవలం 1.1 వాట్-అవర్. రోజుకు పదిసార్లు తెరిచి మూసినా 11 వాట్-అవర్లే. అంటే ఈ గేటు పనిచేస్తూ తినేదానికంటే ఊరికే నిలబడి తినేది అయిదు రెట్లు ఎక్కువ. వైఫై మాడ్యూల్, వీడియో డోర్ ఫోన్, కెమెరా కూడా ఇదే బ్యాటరీకి తగిలిస్తే ఏమవుతుందో మీరే ఊహించవచ్చు.

రోజుకు కావలసింది మొత్తం 69 వాట్-అవర్లు. ఇక్కడ పెట్టినవి పది వాట్ల ప్యానెళ్లు రెండు. మే నెలలో రోజుకు అయిదున్నర గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు అందిందనుకుని, వేడి, దుమ్ము, ఛార్జింగ్ నష్టాలకు 30 శాతం తీసివేస్తే 77 వాట్-అవర్లు చేతికి వస్తాయి, సరిపోతుంది. జూలై మబ్బులో ఆ సమయం మూడున్నర గంటలకు పడిపోతే వచ్చేది 49 మాత్రమే. ప్రతిరోజూ 20 వాట్-అవర్ల లోటును బ్యాటరీ భరించాలి. పెట్టెలో ఉన్నవి 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, వోల్టులతో గుణిస్తే మొత్తం 168 వాట్-అవర్లు. వాటిలో సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గిపోతుంది. ఆ సగం నాలుగు రోజుల లోటుకు సరిపోతుంది, మిగతా సగం మరో నాలుగు రోజులకు.

అందుకే ప్యానెల్‌ను వేసవిని చూసి కాక వానాకాలాన్ని చూసి ఎంచుకోవాలి. ఇక్కడ 20 వాట్ల ప్యానెళ్లు రెండింటిని వరుసలో కలిపి, 18 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు పెట్టించాను. ఇప్పుడు సూర్యుడు మూడు రోజులు కనిపించకపోయినా గేటు ఆగదు.

[దృశ్యం: ప్యానెల్ మూల మీద పడుతున్న కొబ్బరి మట్ట నీడ. తెల్లటి ఉప్పు పొరను తడిగుడ్డతో తుడుస్తున్న చేయి.]

వ్యాఖ్యానం: ప్యానెల్‌లోని సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కనుక, ఒక మూలన పడిన కొబ్బరి మట్ట నీడ కూడా ఉత్పత్తిని బాగా దెబ్బతీస్తుంది. మన విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, కాబట్టి ప్యానెల్ దక్షిణానికి తిరిగి దాదాపు 18 డిగ్రీలు వాలి ఉండాలి. గేటు ఉత్తరం వైపు ఉంది కదా అని ప్యానెల్‌ను కూడా అటే తిప్పి బిగించిన ఇళ్లను నేను చూశాను. రుషికొండ, సాగర్‌నగర్ వంటి సముద్రపు అంచు ప్రాంతాలలో ఉప్పు పొరను తుడవడం నెలనెలా చేయవలసిన పని. అక్కడ మామూలు ఇనుప బోల్టులు పెట్టించకండి, స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి.

[దృశ్యం: ఎంవీపీ కాలనీలో ఒక ఇల్లు. మెయిన్ బోర్డు నుంచి గేటు దాకా ఆరు మీటర్ల దూరం.]

వ్యాఖ్యానం: ఈ ఇంటివారు కూడా బిల్లు తగ్గుతుందని సోలార్ అడిగారు. ఇంటి కరెంటుతో నడిచే గేటు, బోర్డుతో సహా, నెలకు అయిదారు యూనిట్లకు మించి కాల్చదు. ఆ మాత్రం పొదుపు కోసం మూడు నాలుగేళ్లకోసారి బ్యాటరీలు మార్చడం తెలివైన బేరం కాదు. గేటు దాకా ఆరు మీటర్లే ఉన్నప్పుడు తీగ లాగడమే మేలని నా అభిప్రాయం. రోజుకు వందల సార్లు తెరిచే అపార్ట్‌మెంటు బరువు గేటుకైతే సోలార్ మాట ఎత్తనే వద్దు. తోటలోని గేటు ఇంటికి 80 మీటర్ల దూరంలో ఉంది. అంత దూరం రాతినేల తవ్వి కేబుల్ పాతే ఖర్చుతో పోలిస్తే అక్కడ సోలారే చవక. అసలు నిర్ణయించేది బిల్లు కాదు, తవ్వవలసిన దూరం.

తీగ లాగేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంట్లో పెట్టి 24 వోల్టులను గేటు దాకా పంపకండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 30 మీటర్ల దూరానికి, మోటారు 5 ఆంపియర్లు లాగితే, రెండు వోల్టులకు పైగా దారిలోనే పోతుంది. 230 వోల్టులను ఆర్మర్డ్ కేబుల్‌లో, అంటే పైన ఉక్కు కవచం ఉన్న కేబుల్‌లో, గేటు దాకా తెచ్చి, అక్కడ 24 వోల్టులకు దించుకోవడం సరైన పద్ధతి. వానలో తడిసే ఇనుప గేటు దగ్గరికి 230 వోల్టులు వస్తున్నాయి కనుక 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపే స్విచ్), మంచి ఎర్తింగ్ లేకుండా ఈ పని చేయించకూడదు. ఈ రెండింటినీ ఎస్టిమేటులోంచి కొట్టేయమనే యజమానులు ఉన్నారు. అలాంటి పని నేను ఒప్పుకోను.

[దృశ్యం: ఇంటి కప్పు మీది రూఫ్‌టాప్ సోలార్ ప్యానెళ్లు.]

వ్యాఖ్యానం: 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కప్పు మీద ప్యానెళ్లు పెట్టించుకున్నవారు, కరెంటు పోయినా తమ గేటు తెరుచుకుంటుందని అనుకుంటారు. గ్రిడ్‌కు కలిపిన మామూలు రూఫ్‌టాప్ సోలార్, లైన్‌మన్‌ల భద్రత కోసం, గ్రిడ్ ఆగగానే తానూ ఆగిపోతుంది. కాబట్టి తీగ ఉన్న గేటుకు కూడా బ్యాటరీ బ్యాకప్ ఉన్న 24 వోల్టుల మోటారునే తీసుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీద ఏసీ మోటారు నడపాలనుకుంటే అది ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, అంటే లైను కరెంటు లాంటి నున్నటి తరంగాన్ని ఇచ్చేది, అయి ఉండాలి, లేకపోతే మోటారు వేడెక్కుతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటు రోజుల తరబడి లేదు. అంతకాలం ఏ బ్యాకప్ బ్యాటరీ నిలవదు. తుపాను తరువాత ఎండ కాసినప్పుడు సోలార్ గేటు మళ్లీ లేస్తుంది, కాని గాలికి ప్యానెల్ ఎగిరిపోకుండా ఉంటేనే. తుపాను హెచ్చరిక రాగానే బోల్టులు విప్పి దాన్ని ఇంట్లో పెట్టుకోవడం పది నిమిషాల పని.

[దృశ్యం: మోటారు పక్కన మాన్యువల్ రిలీజ్ మూత. తాళం చెవి తిప్పి గేటును చేతితో తోస్తున్న మనిషి.]

వ్యాఖ్యానం: సోలార్ అయినా, తీగ అయినా, మోటారు ఆగితే గేటును చేతితో తెరిపించేది ఈ చిన్న తాళం చెవి. తోటవారికి ఆ జూలై సాయంత్రం గేటు సందులోంచి లోపలికి దూరక తప్పలేదు, ఎందుకంటే ఈ చెవి తోట లోపలి ఇంట్లో, గోడకు తగిలించి ఉంది. ఇప్పుడు ఒక చెవి వారి కారు తాళాల గుత్తిలో ఉంటోంది.