గ్లాసుడు నూనె పోస్తే వెన్న పెరుగుతుందా?

అందరికీ నమస్కారం. పాలు పోసి ఇళ్లకు వెళ్లే వేళ ఆపాను, తొందరగానే ముగిస్తాను.

ఇందాక ఒకావిడ అడిగారు: "డాక్టరు గారూ, గేదె దాణాలో రోజూ గ్లాసుడు నూనె కలుపుతున్నా. వెన్న శాతం పెరగకపోగా తగ్గింది. మిషన్‌లో ఏమైనా మోసమా?" మిషన్ సంగతి నాకు తెలియదమ్మా, గేదె పొట్ట సంగతి చెబుతా.

వరిగడ్డిని అరిగించేది గేదె కాదు. దాని పెద్ద పొట్టలో ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు. అవి గడ్డిని పులియబెడితే ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. పాలలో వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు అదే. మనం నూనె గుమ్మరిస్తే అది గడ్డిపోచలకు పూతలా పట్టేస్తుంది, సూక్ష్మజీవులకు గడ్డి అందదు. అసలు దెబ్బ ఇంకోటి. నూనెలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు పీచును అరిగించే బ్యాక్టీరియాకు విషం లాంటివి. పొట్టలో ఆ కొవ్వును గట్టి కొవ్వుగా మార్చే పని జరుగుతూనే ఉంటుంది. నూనె మరీ ఎక్కువైతే ఆ పని సగంలో ఆగుతుంది. అలా సగంలో మిగిలిన కొవ్వుల్లో ఒక రకం పొదుగులో వెన్న తయారీనే అడ్డుకుంటుంది. వెన్న కోసం పోసిన నూనే వెన్నను తగ్గించిందన్నమాట! మేత తగ్గినా, పేడ పలచబడినా, అందులో అరగని పోచలు కనిపించినా ముందు నూనె మీద అనుమానపడండి.

మరి ఎంత పెట్టొచ్చు? తేమ తీసేసి లెక్కిస్తే మొత్తం మేతలో కొవ్వు 6 శాతం దాటకూడదు. రోజుకు 12 కిలోల ఎండు పదార్థం తినే గేదెకు అది 720 గ్రాములు. మామూలు గడ్డి, దాణాలోనే సుమారు 350 గ్రాములు వచ్చేస్తుంది. మిగిలింది 370. పచ్చి తవుడులో నూనె 15 శాతం దాకా ఉంటుంది. రెండు కిలోలు పెడితే 300 గ్రాములు అందులోనే పోయింది! పత్తి గింజలు కూడా పెడితే లెక్క దాటిపోయినట్టే. గానుగ చెక్కలో కూడా నూనె బాగానే మిగులుతుంది, మిల్లులో నూనె పూర్తిగా తీసిన చెక్కలో దాదాపు ఉండదు.

ఈనిన కొత్తలో ఎక్కువ పాలిచ్చే పశువుకు బలం చాలదు, నిజమే. దానికి బైపాస్ ఫ్యాట్ ఉంది. కొవ్వును కాల్షియంతో సబ్బులా కట్టిన పొడి అది. పెద్ద పొట్టలో కరగదు, పులుపు ఎక్కువగా ఉండే నాలుగో పొట్టలో విడిపోతుంది. రోజుకు 100 నుంచి 200 గ్రాములు, దాణాలో కలిపి, మెల్లగా అలవాటు చేయాలి. ధర ఎక్కువే, ఒట్టిపోయిన గేదెకు దండగ.

నూనె మందుగా పనికొచ్చే చోటు ఒకటుంది. లేత పచ్చి పప్పుజాతి మేత మేసి, నురగతో పొట్ట ఎడమవైపు ఉబ్బినప్పుడు నూనె ఆ నురగను విరుస్తుంది. తల పైకెత్తి సీసాతో గబగబా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. డాక్టరును పిలవండి.

ఇప్పుడు ఇందాక అడిగిన అక్క ఎక్కడున్నారు? నూనె సంగతి తర్వాత, తవుడు రోజుకు ఎన్ని కిలోలు పెడుతున్నారో ముందు చెప్పండి.