వింబుల్డన్: మైదానం పోగొట్టుకున్న క్లబ్బు

[తెరపై: దక్షిణ లండన్ పటం. ప్లౌ లేన్ అనే వీధి మీద పసుపు చుక్క.]

వింబుల్డన్ అనగానే ఎవరికైనా టెన్నిస్ గుర్తొస్తుంది. మా సంగతి వేరు. అదే ప్రాంతంలో పసుపు, నీలం రంగులు వేసుకునే ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటుంది. దాని కథ చెప్పేవాళ్లంతా 2002 దగ్గరే మొదలుపెడతారు. యజమానులు క్లబ్బును వేరే ఊరికి తరలించారు, అభిమానులు సొంతంగా కొత్త క్లబ్బు పెట్టుకున్నారు, తొమ్మిదేళ్లలో మళ్లీ పెద్ద లీగులోకి వచ్చారు. ఇందులో అబద్ధమేమీ లేదు. అయినా ఒక అభిమానిగా నాకు ఈ చెప్పే తీరుతో పేచీ ఉంది. 2002లో జరిగింది పర్యవసానం మాత్రమే. అసలు దెబ్బ 1991లో పడింది. అప్పుడు మా ఆటగాళ్లెవరూ పోలేదు, లీగులో స్థానం పోలేదు, పేరూ పోలేదు. పోయింది మైదానం ఒక్కటే. మిగతావన్నీ దాని వెనకే పోయాయి.

[తెరపై: 1889]

వింబుల్డన్ కామన్ అనే పెద్ద పచ్చిక బయలు మీద, ఒక బడి పూర్వ విద్యార్థులు 1889లో పెట్టుకున్న జట్టు ఇది. 1912లో ప్లౌ లేన్‌లో స్థిరపడింది. తర్వాత అరవై ఏళ్లకు పైగా మాది జీతాలు అంతగా లేని చిన్న లీగుల ప్రపంచం. 1963లో, జీతం తీసుకోని ఆటగాళ్ల జట్లు ఆడే అమెచ్యూర్ కప్ ఫైనల్‌లో సటన్ యునైటెడ్‌ను 4-2తో ఓడించాం. ఆ నాలుగు గోల్సూ ఎడ్డీ రేనాల్డ్స్ ఒక్కడే కొట్టాడు, నాలుగూ తలతోనే. సటన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక 1975. చిన్నా పెద్దా క్లబ్బులన్నీ ఆడే ఎఫ్.ఎ. కప్‌లో బర్న్‌లీ సొంత మైదానానికి వెళ్లి ఆ జట్టును 1-0తో ఓడించాం. బర్న్‌లీ అప్పుడు అన్నిటికన్నా పై స్థాయి అయిన మొదటి డివిజన్ జట్టు, మేము అసలు నాలుగు డివిజన్ల ఫుట్‌బాల్ లీగులోనే లేము. తర్వాత రౌండులో ఇంగ్లండ్ చాంపియన్ లీడ్స్ యునైటెడ్. అక్కడ పీటర్ లోరిమర్ కొట్టిన పెనాల్టీని మా గోల్‌కీపర్ డికీ గై ఆపేశాడు. ఆ రోజుల్లో లోరిమర్ షాటుకు ఎదురు నిలబడటమే సాహసం. మ్యాచ్ 0-0తో ముగిసింది. మళ్లీ ఆడాల్సి వచ్చినప్పుడు జనం ప్లౌ లేన్‌లో పట్టరని క్రిస్టల్ ప్యాలెస్ వాళ్ల సెల్‌హర్స్ట్ పార్క్‌కు తీసుకెళ్లారు. మా డేవ్ బాసెట్‌కు తగిలి బంతి మా వలలోనే పడింది, 1-0తో ఓడిపోయాం. సెల్‌హర్స్ట్‌తో మాకు పరిచయం అలా ఓటమితోనే మొదలైంది.

అప్పట్లో చిన్న లీగు గెలిస్తే పైకి వెళ్లే హక్కు ఉండేది కాదు. ఫుట్‌బాల్ లీగు క్లబ్బులన్నీ ఓట్లేసి లోపలికి రానివ్వాలి. సదరన్ లీగును వరుసగా మూడేళ్లు గెలిచాక, 1977లో వర్కింగ్టన్‌ను బయటికి పంపి మాకు చోటిచ్చారు. అక్కడి నుంచి తొమ్మిదేళ్లలో, 1986 నాటికి, నాలుగో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కు చేరాం. మధ్యలో రెండుసార్లు జారిపడ్డాం కూడా, కానీ ఆ పరుగులో అది ఎవరికీ గుర్తులేదు.

[తెరపై: 14 మే 1988, వెంబ్లీ]

దీని గురించి అందరూ మాట్లాడేశారు, నేను క్లుప్తంగా చెబుతాను. ఎఫ్.ఎ. కప్ ఫైనల్, ఎదురుగా ఆ ఏటి లీగు విజేత లివర్‌పూల్. లారీ సాంచెజ్ తలతో ఒక గోల్. రెండో సగంలో లివర్‌పూల్‌కు పెనాల్టీ. జాన్ ఆల్‌డ్రిడ్జ్ కొట్టాడు, డేవ్ బీజంట్ ఎడమవైపు దూకి తోసేశాడు. వెంబ్లీలో జరిగిన కప్ ఫైనల్స్‌లో పెనాల్టీ ఆగడం అదే మొదటిసారి. వెంబ్లీలో కెప్టెన్‌గా కప్ అందుకున్న మొదటి గోల్‌కీపర్ కూడా బీజంటే. 'క్రేజీ గ్యాంగ్' అని పేరుపడ్డ ఆ జట్టు ఆట కళ్లకింపుగా ఉండేది కాదు. వెనక నుంచి పొడవాటి బంతి, ముందు ఫషాను భుజబలం, మధ్యలో విన్నీ జోన్స్ దూకుడు. విమర్శకులు అసహ్యించుకున్నారు, మేము ఆనందించాం. 1985లో ప్రేక్షకులు చనిపోయిన హేసెల్ స్టేడియం దుర్ఘటన తర్వాత ఇంగ్లిష్ క్లబ్బుల మీద నిషేధం ఉండటంతో, కప్ గెలిచినా యూరప్‌లో ఆడే అవకాశం మాత్రం దక్కలేదు.

అక్కడ ఆగి, మైదానం వైపు చూద్దాం.

[తెరపై: పాత ప్లౌ లేన్ రేఖాచిత్రం. నిలబడి చూసే మెట్లు ఒక రంగులో, కుర్చీలు మరో రంగులో.]

1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగింది. చివరికి 97 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత వచ్చిన టేలర్ నివేదిక, పై డివిజన్ల మైదానాల్లో ప్రేక్షకులందరికీ కుర్చీలు ఉండాల్సిందేనంది. ఆ నియమాన్ని నేను తప్పు పట్టను. కానీ ప్లౌ లేన్‌లో ఎక్కువ భాగం నిలబడి చూసే మెట్లే. దాన్ని మార్చడం గిట్టుబాటు కాదని యాజమాన్యం తేల్చింది. 1991లో సెల్‌హర్స్ట్ పార్క్‌కు అద్దెకు వెళ్లాం. తాత్కాలికం అన్నారు.

ఇక్కడ జనం పట్టించుకోని కాగితం ఒకటుంది. 1959లో నాటి యజమాని సిడ్నీ బ్లాక్ స్థానిక కౌన్సిల్ నుంచి ప్లౌ లేన్ స్థలం కొన్నప్పుడు, ఒప్పందంలో ఒక షరతు రాశారు. అక్కడ ఆటలు ఆగిపోతే కౌన్సిల్ ఆ స్థలాన్ని 8,000 పౌండ్లకే వెనక్కి తీసుకోవచ్చు. అంటే ఆ నేలను అమ్మి లాభపడే దారి ఎవరికీ లేదు. నా లెక్కలో మా క్లబ్బుకు కప్పు కన్నా పెద్ద ఆస్తి ఆ షరతే. తర్వాత యజమాని అయిన సామ్ హమ్మామ్ కౌన్సిల్‌కు డబ్బు కట్టి దాన్ని తొలగింపజేసుకున్నాడు. కౌన్సిల్ ఒప్పుకుంది. 1998లో ఆ స్థలం ఒక సూపర్‌మార్కెట్ సంస్థ చేతికి వెళ్లింది. దుకాణం రాలేదు, చివరికి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. వాటికి రేనాల్డ్స్ గేట్ అని ఎడ్డీ పేరే పెట్టారు. గౌరవమే అనుకోవాలి.

సెల్‌హర్స్ట్‌లో మా ఆట బాగానే సాగింది. ప్రీమియర్ లీగు మొదలైన ఏటి నుంచి అందులో ఉన్నాం, 1993-94లో ఆరో స్థానం. కానీ 1993 జనవరిలో ఎవర్టన్‌తో మ్యాచ్‌కు వచ్చినవాళ్లు 3,039 మంది. కోవిడ్ కాలాన్ని పక్కనపెడితే, ప్రీమియర్ లీగు చరిత్రలోనే అతి తక్కువ హాజరు అది. అద్దె మైదానంలో, పరాయి రంగుల మధ్య ఎవరు కూర్చుంటారు? సొంత నేల లేని క్లబ్బు యజమానికి లీగులో స్థానం అనే ఒక్క కాగితమే మిగులుతుంది. కాగితాన్ని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. డబ్లిన్‌కు తీసుకెళ్దామన్న మాట ఆ రోజుల్లోనే వినిపించింది. నార్వే వ్యాపారులు వాటా కొన్నారు. 2000 మే 14న, అంటే కప్ గెలిచిన తేదీనే, పన్నెండేళ్ల తర్వాత, సౌతాంప్టన్‌లో ఓడి ప్రీమియర్ లీగు నుంచి కిందికి పడిపోయాం.

2001 ఆగస్టులో బయటపెట్టారు: సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు క్లబ్బును తరలిస్తామని. ఫుట్‌బాల్ లీగు ముందు ఒప్పుకోలేదు. వివాదం తిరిగి తిరిగి ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమించిన ముగ్గురు సభ్యుల సంఘం ముందుకు వచ్చింది. 2002 మే 28న ఆ సంఘం ఇద్దరు ఔను, ఒకరు కాదు అన్న లెక్కతో అనుమతి ఇచ్చింది. అభిమానులు కింది నుంచి కొత్త క్లబ్బు మొదలుపెట్టడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు తగదని కూడా ఆ నివేదిక సెలవిచ్చింది. ఆ వాక్యం మా వాళ్లకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

[తెరపై: పచ్చిక బయలు. వరసగా నిలబడ్డ ఆటగాళ్ల నీడలు.]

నెల తిరిగిందో లేదో, జూన్ 29న వింబుల్డన్ కామన్ మీద ఆటగాళ్ల ఎంపిక పెట్టారు. జట్టులో చోటు కోసం 230 మంది వచ్చారు. జూలై 10న మొదటి స్నేహపూర్వక మ్యాచ్. ఎదుటి జట్టు అదే సటన్ యునైటెడ్. 4-0తో చిత్తుగా ఓడిపోయాం. చూడటానికి 4,657 మంది వచ్చారు. ప్రీమియర్ లీగులో ఎవర్టన్‌తో ఆడిన రోజు కన్నా ఎక్కువ!

ఏ.ఎఫ్.సి. వింబుల్డన్‌గా మొదలైంది అట్టడుగున, కంబైన్డ్ కౌంటీస్ లీగులో. బయటివాళ్లు దీన్ని అవమానంగా చూశారు. మాలో పెద్దవాళ్లకు మాత్రం ఆ దారి తెలిసిందే. 1977కు ముందు అలాంటి చిన్న మైదానాల్లో చెక్క బల్లల మీద కూర్చుని చూసినవాళ్లే కదా. 1975 నాటి డికీ గై కొత్త క్లబ్బుకు గౌరవాధ్యక్షుడయ్యాడు. 2003-04లో లీగులో 46 మ్యాచ్‌లు ఆడి 42 గెలిచాం, నాలుగు డ్రా, ఓటమి లేదు. 2003 ఫిబ్రవరి నుంచి 2004 డిసెంబరు దాకా వరుసగా 78 లీగు మ్యాచ్‌లలో ఓడలేదు. ఇంగ్లిష్ సీనియర్ ఫుట్‌బాల్‌లో అది రికార్డు. ఈలోగా తరలిపోయిన క్లబ్బు 2004లో ఎం.కె. డాన్స్‌గా పేరు మార్చుకుంది. 2007లో పాత ట్రోఫీలను వింబుల్డన్ ఉన్న మెర్టన్ ప్రాంతానికి తిరిగి ఇచ్చేసింది.

2011 మే 21న మాంచెస్టర్‌లో ల్యూటన్ టౌన్‌తో, పై లీగుకు వెళ్లేదెవరో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్. 0-0. షూటౌట్‌లో మా సెబ్ బ్రౌన్ రెండు ఆపాడు, చివరి బంతి డానీ కెడ్‌వెల్ కొట్టాడు. తొమ్మిది సీజన్లలో ఐదో పదోన్నతి, ఫుట్‌బాల్ లీగులోకి ప్రవేశం. 2016లో వెంబ్లీలో ప్లిమత్‌ను 2-0తో ఓడించి మరో మెట్టు ఎక్కాం. ఆ జట్టు మేనేజర్ నీల్ ఆర్డ్‌లీ, పాత వింబుల్డన్ ఆటగాడే.

ఎం.కె. డాన్స్‌తో ఆటల గురించి ఎక్కువ చెప్పను. 2012లో మొదటిసారి తలపడి, చివరి నిమిషాల్లో మడమతో కొట్టిన గోల్‌కు ఓడిపోయాం. 2014లో అకిన్ఫెన్వా గోల్‌తో 3-2తో గెలిచాం. చాలు.

[తెరపై: మళ్లీ పటం. పాత చుక్క పక్కనే కొత్త చుక్క.]

నాకు ఆ పదోన్నతులన్నిటికన్నా ముఖ్యమైనది 2020 నవంబరు 3. పాత మైదానానికి కూతవేటు దూరంలో, గ్రేహౌండ్ పందాలు జరిగిన చోట కట్టిన కొత్త ప్లౌ లేన్‌లో మొదటి మ్యాచ్ జరిగింది. డాంకాస్టర్‌తో 2-2. కోవిడ్ వల్ల స్టాండ్లలో ప్రేక్షకులు లేరు. దీనికోసం అంతవరకు సొంతిల్లుగా ఉన్న కింగ్స్‌మెడోను చెల్సీకి అమ్మారు. అదీ చాలక, అభిమానులే బాండ్లు కొని 50 లక్షల పౌండ్లకు పైగా సమకూర్చారు. 2022లో మళ్లీ కిందికి పడ్డాం, 2025 మేలో వెంబ్లీలో వాల్సాల్‌ను 1-0తో ఓడించి, మూడో స్థాయి అయిన లీగ్ వన్‌కు తిరిగొచ్చాం.

ఇప్పుడు మా మధ్య నడుస్తున్న వాదన ఒకటే. ధనవంతుల క్లబ్బులతో పోటీపడాలంటే బయటి పెట్టుబడి కావాలని కొందరు, క్లబ్బును నడిపే అభిమానుల ట్రస్టు చేతిలోని పట్టు సడలకూడదని కొందరు. డబ్బు అవసరమే, కాదనను. ఆటగాళ్ల కోసం వాటా కొంత అమ్ముదామంటే కూర్చుని మాట్లాడతాను. ఒప్పందంలో ఎక్కడైనా స్థలం మాట కనిపిస్తే మాత్రం, కింది లీగ్ టూకు దిగిపోవాల్సి వచ్చినా సరే, నా ఓటు వ్యతిరేకంగానే.