వేషం విప్పని మనిషి: 'ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ' నవల, సినిమా

ఒక కుర్రాడు స్నేహితుడి గదిలో ఒంటరిగా ఉన్నాడు. బీరువా తెరిచి స్నేహితుడి సూటు తొడుక్కున్నాడు. పాపిడి అతనిలాగే తీసుకున్నాడు. అద్దం ముందు నిలబడి అతని గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆడుతూ ఆడుతూ తల తిప్పితే, గుమ్మంలో ఆ స్నేహితుడే నిలబడి చూస్తున్నాడు.

నేను ఈ పుస్తకం మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ ఆగిపోయాను. పేజీ తిప్పడానికి సిగ్గేసింది. పట్టుబడింది నేనే అన్నట్టు అనిపించింది.

నమస్కారమండీ. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు అమెరికన్ రచయిత్రి పాట్రీషియా హైస్మిత్ 1955లో రాసిన 'ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ' నవల గురించి, దాన్ని ఆంథొనీ మింగెల్లా 1999లో తీసిన సినిమా గురించి చెప్పుకుందాం. ముగింపు చెప్పను. కథలో ఒక హత్య ఉందని మాత్రం ముందే చెప్పేస్తున్నాను. ఎవరు చేశారన్నది ఇక్కడ ప్రశ్న కాదు. చేసినవాడి పక్కనే మనం మొదటి నుంచీ కూర్చుని ఉంటాం.

కథ ఇది. టామ్ రిప్లీకి పాతికేళ్లు. న్యూయార్క్‌లో సరైన ఉద్యోగం లేదు, సొంత ఇల్లు లేదు. పడవలు కట్టే కంపెనీ ఉన్న గ్రీన్‌లీఫ్ అనే పెద్దాయన అతని దగ్గరికి వస్తాడు. ఆయన కొడుకు డికీ ఇటలీలో సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో చేరి ఇంటికి రానంటున్నాడు. నువ్వు వాడి ఫ్రెండువి కదా, ఖర్చులు నేనిస్తాను, వెళ్లి నచ్చజెప్పి తీసుకురా అంటాడు. నిజానికి టామ్‌కి డికీతో ముఖపరిచయం తప్ప ఇంకేం లేదు. అయినా బయల్దేరతాడు. అక్కడికి వెళ్లాక డికీని తీసుకురావడం మానేసి, తనే డికీ అయిపోవాలనుకుంటాడు.

ఇతనిది డబ్బాశే అనుకుంటే నవల మొదట్లో ఉన్న ఒక విషయాన్ని వదిలేసినట్టే. టామ్ టాక్స్ ఆఫీసు మనిషినని చెప్పుకుని ఎవరెవరికో ఉత్తరాలు రాస్తుంటాడు. మీ లెక్కలో తేడా ఉంది, ఇంకా ఇంత కట్టాలి అని. భయపడి కొందరు చెక్కులు పంపుతారు. ఆ చెక్కులు ప్రభుత్వం పేరు మీద ఉంటాయి కాబట్టి అతను మార్చుకోలేడు. ఒక్క డాలర్ రాదు. అయినా రాస్తూనే ఉంటాడు. ఇంకొకడిలా మాట్లాడి నమ్మించగలిగాను అన్న సంతృప్తే అతనికి జీతం. హైస్మిత్ ఈ మనిషిని ఎంత బాగా చదివారో నాకు అక్కడే తెలిసింది.

నాకు ఇది ఎందుకు ఇంత తగిలిందో చెప్పాలి. మా ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. బరంపురం ఒడియాలో తెలుగు వాసన ఉంటుంది, అటు కటక్ వైపు వాళ్లు ఒక్క మాటకే పట్టేస్తారు. కాలేజీకి వేరే ఊరు వెళ్లినప్పుడు హాస్టల్లో మొదటి నెలంతా నేను మాట్లాడటం తగ్గించి వినేవాడిని. వాళ్లు ఏ మాట దగ్గర సాగదీస్తారు, ఎక్కడ నవ్వుతారు, అన్నీ గమనించి నేర్చుకున్నాను. అమ్మ ఫోన్ చేస్తే వరండా చివరికి వెళ్లి, గొంతు తగ్గించి తెలుగులో మాట్లాడేవాడిని. నేను ఎవరినీ మోసం చేయలేదు. కానీ టామ్ డికీ ఇంట్లో కూర్చుని, అతను సిగరెట్ ఎలా పట్టుకుంటాడో, సంతకం ఎలా పెడతాడో చూస్తుంటే, ఆ చూపు నాకు తెలుసు అనిపించింది. సరిహద్దు ఊళ్లలో పెరిగిన మనలో చాలామందికి తెలుస్తుంది.

మా ఊళ్లో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. దాదాపు నెల రోజులు. మొక్కుకున్నవాళ్లు దేవుళ్ల వేషాలు, పులివేషాలు వేసుకుని వీధుల్లో తిరుగుతారు. నిన్న కొట్లో మనకి సరుకులు తూచినాయన ఇవాళ శివుడై ఎదురొస్తాడు, మనం దణ్ణం పెడతాం. మొక్కు తీరాక ఇంటికెళ్లి రంగు కడుక్కుంటాడు. ఆ ఇంట్లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉంటారు. టామ్‌కి ఆ ఇల్లు లేదు. అమ్మానాన్నలు బోస్టన్ హార్బర్‌లో మునిగిపోయారు. పెంచిన అత్త చిన్నప్పటినుంచీ అవమానించింది. రంగు కడిగితే కింద ఎవరున్నారో అతనికే తెలియదు. మళ్లీ టామ్ రిప్లీగా ఉండాల్సి రావడం అతనికి జైలు కన్నా ఎక్కువ భయం.

నవల మొత్తం టామ్ తలలోంచే నడుస్తుంది, ఒక్క పేజీ కూడా బయటికి రాదు. రోమ్‌లో తలుపు తట్టిన చప్పుడైతే మనకే గుండె జారిపోతుంది. దొరకకూడదు దేవుడా అనుకుంటాం. అనుకున్నాక, నేను ఎవరి కోసం దణ్ణం పెట్టుకుంటున్నాను అని ఉలిక్కిపడతాం. టెన్షన్ అంతా అక్కడే పుడుతుంది.

ఇక సినిమా. టామ్‌గా మ్యాట్ డేమన్, డికీగా జూడ్ లా, డికీ ప్రియురాలు మార్జ్‌గా గ్వినెత్ పాల్ట్రో. జూడ్ లాకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, బ్రిటన్ వాళ్లిచ్చే బాఫ్టా అవార్డు కూడా వచ్చింది. వచ్చి తీరాలి కూడా. అతను నవ్వుతూ మన వైపు తిరిగితే ఎండ కాసినట్టుంటుంది, మొహం తిప్పేసుకుంటే మబ్బు పట్టినట్టుంటుంది. టామ్ పిచ్చి మనకి అర్థం కావాలంటే డికీ అలా ఉండాల్సిందే.

నవల్లో డికీ బొమ్మలేస్తాడు, అంత బాగా వేయలేడు. సినిమాలో సాక్సోఫోన్ వాయిస్తాడు, జాజ్ అంటే ప్రాణం. ఈ మార్పు నాకు చాలా నచ్చింది. టామ్ ఇటలీకి వెళ్లేముందు కళ్లకు గంతలు కట్టుకుని రికార్డులు విని, ఇది ఎవరు వాయించారో గుర్తుపట్టడం సాధన చేస్తాడు. నవల పేజీల కొద్దీ చెప్పింది సినిమా ఒక్క సీన్‌లో వినిపించేసింది. నేపుల్స్ క్లబ్బులో టామ్, డికీ ఇద్దరూ కలిసి ఇటలీ గాయకుడు రెనాటో కరోసోనే పాట పాడతారు. అమెరికా వాడిలా పోజు కొట్టే ఇటలీ కుర్రాడి మీద 1956లో వచ్చిన పాట అది. నటించేవాడి పాటని, స్నేహితుడిలా నటిస్తున్న టామ్ స్టేజీ ఎక్కి పాడుతున్నాడు. అది తెలిశాక ఆ సీన్ మళ్లీ చూడండి.

హత్య జరిగే పడవ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకూ సినిమాకూ గొడవ. నవల్లో ఇటలీలోనే సాన్ రెమో అనే సముద్రతీర ఊరికి వెళ్లే రైల్లోనే టామ్ మనసులో ఆ ఆలోచన పుడుతుంది. అమ్మానాన్నల్ని మింగిన నీళ్లంటే అతనికి భయం. ఆ నీళ్ల మీదికే లెక్క వేసుకుని వెళ్తాడు. సినిమాలో మాట మాట పెరుగుతుంది, డికీ నోటికొచ్చినట్టు అంటాడు, అవమానం భరించలేక టామ్ తెడ్డు ఎత్తుతాడు. తర్వాత ఏడుస్తూ శవం పక్కనే పడుకుంటాడు. పైనుంచి ఆ పడవని చూపించిన షాట్ అద్భుతం. కానీ మింగెల్లా టామ్‌కి ఒక సాకు ఇచ్చారు. హైస్మిత్ ఇవ్వలేదు. సాకు ఉంటే జాలిపడి ఊరుకుంటాం. సాకు లేకుండానే అతని వైపు ఉండిపోయామంటే, ఆ పుస్తకం మూశాక కూడా నిద్రపట్టదు.

అయితే చివరి ఇరవై నిమిషాల్లో సినిమా ఆ లోటు తీర్చుకుంది. నవల్లో చిన్న పాత్రగా ఉన్న పీటర్‌ని పెంచి, అసలు నవల్లోనే లేని మెరెడిత్ అనే అమ్మాయిని కేట్ బ్లాంచెట్‌తో వేయించి, ఇద్దరినీ ఒకే ఓడ ఎక్కించారు. ఇంతకంటే ఒక్క ముక్క చెప్పినా మీకు అన్యాయం చేసినట్టే.

ఇదే నవల మీద 1960లో ఫ్రెంచిలో అలాన్ డెలాన్ సినిమా వచ్చింది. చూడటానికి బాగుంటుంది కానీ అంత అందగాడికి ఇంకొకడిలా మారాల్సిన అవసరం ఏముందో నాకు నమ్మకం కలగలేదు. 2024లో ఆండ్రూ స్కాట్‌తో ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ వచ్చింది, దాదాపు మొత్తం బ్లాక్ అండ్ వైట్. నవల్లోని చల్లదనం దానికే బాగా పట్టుబడింది. ఓపిక ఉన్నవాళ్లు చూడండి.

నా మాట వింటే ముందు నవల చదవండి. ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది, డిక్షనరీ పెద్దగా అక్కర్లేదు. నేను రెండోసారి గోపాల్‌పూర్ బీచ్‌లో కూర్చుని పడవ అధ్యాయం చదివాను. దూరంగా చేపల పడవలు వస్తున్నాయి. చదువుతూ మధ్యమధ్యలో తలెత్తి వాటిని లెక్కపెట్టుకున్నాను, అన్నీ ఒడ్డుకి చేరేదాకా.

చదివినవాళ్లు కామెంట్లో ఒక్కటి రాయండి: ఆ పడవలో మీరు ఎవరి కోసం భయపడ్డారు? ఉంటానండీ.