బతుకమ్మకు తంగేడు కొనుక్కునుడేంది? హన్మకొండ స్టూడియోల చర్చ

యాంకర్: అందరికి నమస్తే. పోయిన ఎంగిలిపూల నాడు మా ఇంట్ల తంగేడు పూలు బజార్ల కొన్నం, గునుగు కూడా కొన్నదే. 2014ల రాష్ట్ర పుష్పం అని పెట్టుకున్న పువ్వు, వెయ్యి స్తంభాల గుడి కాడికి ఆటోలల్ల వేరే మండలాల నుంచి దిగుతున్నది. మనతోని డిగ్రీ కాలేజీల బాటనీ చెప్పే మేడం ఉన్నరు, నర్సరీ నడిపే అన్న ఉన్నడు, పార్కులు, గార్డెన్లు డిజైన్ చేసే తమ్ముడు ఉన్నడు. మేడం, తంగేడు ఎటు పోయింది?

మేడం: అది ఎటు పోలే, దాని జాగ మనం తీస్కున్నం. గుట్టల అంచులకు, బాట పక్కలకు, చలక నేలల్ల ఉండేది అది. మన కండ్లకు అదంత ఖాళీ జాగనే కదా, సగం వెంచర్ అయింది, మిగిలిన దాంట్ల వనం పెడ్తమని జేసీబీ తెచ్చి చదును చేసిన్రు. మొక్కలు నాటనీకి మొక్కలు పీకుడు, నాకు అదే ఎక్కువ కడుపుమంట. గునుగుది వేరే కథ, అది మక్క చేన్ల, పత్తి చేన్ల దానంతటదే మొలిచే కలుపు. కూలీలు దొరుకుతలేరు, గడ్డి మందు కొడుతున్నరు, దానికి రైతును తిట్టి లాభం లేదు.

డిజైనర్: మేడం, నేను ముందే ఒప్పుకుంట, నేను కూడా చేసిన ఆ పని. ఐదారేండ్ల కింద ఒక కాలనీ పార్కు, పేరు వద్దు, మొత్తం లాన్ పరిచి చుట్టూ కోనోకార్పస్ పెట్టిన. వాళ్లకు మూడు నెలల్ల పచ్చగ కనవడాలె, కనవడ్డది కూడా, ఫొటోలు దిగిన్రు, బిల్లు ఇచ్చిన్రు. రెండో ఎండాకాలం బోరు ఎండింది, లాన్ ఈతచాప లెక్క అయింది. పార్కు మూలకు పనోళ్లు ఎత్తుడు మర్చిపోయిన మొర్రం కుప్ప ఒకటుండె, దాని మీద తంగేడు మొలిచి పూసింది. నేను డ్రాయింగ్‌ల వెయ్యని మొక్క అదొక్కటే, మంచిగ బతికింది కూడా అదొక్కటే. (నవ్వులు)

యాంకర్: కోనోకార్పస్ అంటే గుర్తొచ్చింది, దాని మీద ఇంత లొల్లి ఎందుకన్నా?

నర్సరీ అన్న: అది సోమాలియా, యెమెన్ దిక్కు సముద్రం ఒడ్డు చెట్టు. కొమ్మ గుచ్చితే వస్తది, ఎండాకాలం పచ్చగుంటది. నేను వేలకు వేలు అమ్మిన, దాస్తే ఏమొస్తది. గుజరాత్‌ల 2023ల వద్దన్నరు, తర్వాత తమిళనాడు కూడా అన్నది, మన దగ్గర గూడ సర్కారు నర్సరీలల్ల పెంచొద్దన్నరు. దాని పుప్పొడితోని దగ్గు, దమ్ము వస్తదా అనేది డాక్టర్లు తేల్చుకోవాలె, నా లెక్క వేరే. పదేండ్లు చూసిన, ఆ చెట్ల మీద ఒక్క పిట్ట గూడు కనవడలే నాకు. అదే కానుగ చెట్టు కింద ఉగాది దాటినంక నిలవడు, తేనెటీగల మోతకు ఫోన్ మాట్లాడరాదు.

డిజైనర్: కానీ అన్నా, బయటి మొక్కలన్ని చెడ్డవేనా? ఈ మాట అనంగనే క్లయింట్లు ఎదురు అడుగుతరు.

మేడం: మంచిగ అడిగినవ్. బంతిపువ్వు మెక్సికో దిక్కుది, బంతి లేని బతుకమ్మ ఉంటదా? సీతాఫలం అమెరికా ఖండంది, చింతచెట్టు ఆఫ్రికాది అంటరు, పోయి చింతచెట్టు నరుకుమంటే ఊరోళ్లు నన్ను ఉరికిస్తరు. నేను చూసేది ఏందంటే ఆ చెట్టు మీద ఎవరు బతుకుతున్నరని. తంగేడు ఆకు మీద పసుపుపచ్చ సీతాకోకలు గుడ్లు పెడ్తయి, పురుగులు ఆకు తింటయి, ఆ పురుగులను పిట్టలు తమ పిల్లలకు తీస్కపోతయి. ఇంకోటి, తంగేడు పువ్వుల పుప్పొడి ఊరికె రాలది, దాని సంచికి చివర సన్న బెజ్జమే ఉంటది, నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకొని గుంయ్ మని ఊపితే అప్పుడు బయటికొస్తది. సర్కారు తుమ్మ గూడ బయటిదే, అది చెరువు శిఖంల జొరబడితే ఇంకోదాన్ని మొలవనియ్యది, దాంతోని మాత్రం నాకు రాజీ లేదు.

యాంకర్: చెరువు అన్నరు కాబట్టి, భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు చుట్టు ఏం పెట్టాలె?

డిజైనర్: కట్ట మీద పెద్ద చెట్లు వద్దు సార్. వేరు చచ్చి కుళ్లితే లోపల బొంద పడ్తది, అక్కడికెళ్లి నీళ్లు ఊట పట్టి కట్టకే ముప్పు. కట్ట మీద గరిక, గడ్డి చాలు, మట్టిని అదే పట్టుకుంటది. నీళ్లు ఎక్కి దిగే శిఖంల మన నల్లతుమ్మ, అది కొన్ని నెలలు నీళ్లల్ల నిలవడ్డా చావది, కొంగలకు గూళ్లు దానిమీదనే. ఒర్రె ఒడ్డుకైతే ఏరుమద్ది. నీళ్ల అంచుకు తుంగ, జమ్ము ఉండనియ్యాలె, మొత్తం గీకి రాళ్లు పరుస్తే ఫొటోకు బాగుంటది గాని నీటికోళ్లు ఎక్కడ గుడ్లు పెట్టాలె? 2023 జూలైల కాలనీలు మునిగినప్పుడు చూసినం కదా, ఎటు చూసినా సిమెంటే, నీళ్లు ఇంకే జాగ ఏది?

యాంకర్: ఇప్పుడు అందరు మియావాకి అంటున్నరు, దగ్గర దగ్గరగ నాటుడు...

మేడం: ఊరి నడుమ చిన్న జాగల చేస్తే చేసుకోండ్రి, నీడ వస్తది. గుట్ట మీద మాత్రం వద్దు నాయనా, అక్కడ ఎన్నడు చిట్టడివి లేదు, గడ్డి, రేగు, తంగేడు, నడుమ నడుమ మోదుగు, అదే దాని అందం. పైకి బోడిగ కనవడ్డా లోపల మోదుగు, తునికి మొదళ్లు సజీవంగ ఉంటయి, గొడ్డలి, నిప్పు రెండు ఆపి నాలుగు వానాకాలాలు వదిలిపెడితే అవే లేస్తయి. గుంతలు తవ్వుడు గూడ అక్కర్లేదు, కాపలా మనిషికి జీతం ఇస్తే సరి. కానీ కాపలా పనికి రిబ్బన్ కటింగ్ ఉండదు గదా, అందుకే ఎవరు అడగరు.

నర్సరీ అన్న: నాకైతే ఆర్డర్లు రావు మేడం! మోదుగు, తునికి, నెమలినార పెంచుత అంటే మూడేండ్లు సంచుల పెట్టుకొని నీళ్లు పొయ్యాలె, ఎవడు కొంటడు? టెండర్‌ల ఆరు ఫీట్ల మొక్క అని రాస్తరు, ఏ మొక్క అనేది ఎన్కకు.

యాంకర్: లైన్ల పరకాల నుంచి ఒక అన్న ఉన్నడు. చెప్పన్నా.

కాలర్: తంగేడు గింజలు రెండుసార్లు చల్లిన సార్, ఒక్కటి మొలవలే. గింజ చెడ్డదా, నా చెయ్యి చెడ్డదా?

నర్సరీ అన్న: రెండు కాదు తమ్మీ, గింజ పెంకు గట్టిది. నీళ్లు మసలబెట్టి దించి, జర ఆగినంక గింజల మీద పొయ్యి, పొద్దటి దాక నాననియ్యి. ఉబ్బినయి ఏరుకో, ఉబ్బనియి మళ్ల వెయ్యి. మిరుగు వానలు పడంగనే నేరుగ భూమిల పెట్టు, సంచిల వద్దు, తల్లివేరు లోతుకు పోతది, సంచిల చుట్టలు తిరిగితే ఆ మొక్క ఎప్పటికి కుదురుకోదు. ఎరువు వద్దు, నల్లరేగడిల నీళ్లు నిలిచే కాడ వద్దు. మొదటి ఏడు పూలకు ఆశపడకు.

కాలర్: మేకలు?

నర్సరీ అన్న: ముట్టవు. నీకు భయం మేకలతోని కాదు, పిచ్చిమొక్క అని గడ్డి కోసేటోళ్లు మొదటికి నరికిపోతరు. ఒక బోర్డు పెట్టు.

కాలర్: ఏమని రాయాలె?

మేడం: తంగేడు, సద్దుల దాక కొయ్యొద్దు అని రాయి బాబూ.

కాలర్: సద్దుల నాడు మా ఆడోళ్లే కోస్తరు మేడం.

మేడం: పువ్వు కొయ్యనియ్యి, మొదలు వద్దు. అది గూడ రాయి.